చెప్పకుండా వెళ్ళే మనిషి కాదు

ఆ ఏడు వాన పట్టుకుంది, పట్టుకుని వదల్లేదు. మా లాండ్రీలో ఆరేసే గది కప్పు కారి, ఆరిన దుప్పట్లే మళ్ళీ తడిసేవి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యంత్రాల హోరు. పక్కన నిలబడి అరిచినా వినపడదు. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళకి మాత్రమే మాట్లాడుకునే వీలుండేది. ఒక దుప్పటికి ఇద్దరు మనుషులం. ఈ కొస ఒకరం, ఆ కొస ఒకరం పట్టుకుని గట్టిగా లాగి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచివచ్చి కొసలు కలుపుతాం. కలిసినప్పుడు మొహాలు దగ్గరపడతాయి. అప్పుడొక మాట. మళ్ళీ వెనక్కి. మళ్ళీ కలిసినప్పుడు ఇంకో మాట. మా తోడికోడలి కష్టాలన్నీ నేను అలాగే విన్నాను, మడతకొక ముక్క చొప్పున.

నా భర్త పోయాక నేను మా మరిది ఇంట్లోనే ఉండేదాన్ని. వంటగదే నా పడకగది. మరిది భార్యా నేనూ లాండ్రీలో ఒకే జత. తనని అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు. ‘వెళ్ళొస్తా’ అనేవాళ్ళు. ఎందుకంటే ఎక్కడికి కదిలినా చెప్పకుండా కదిలే మనిషి కాదు. తీగ మీద బట్టలు తీయడానికి వెళ్ళినా “వెళ్ళొస్తా అక్కా.” మంచినీళ్ళకి వెళ్ళినా “వెళ్ళొస్తా.” మా అందరి మీదా పెత్తనం చేసే మేస్త్రమ్మ నోరు పెద్దది.

“దొడ్డికి వెళ్తూ కూడా వెళ్ళొస్తా ఏమిటే? అక్కడే కాపురం పెడతావని మాకేమైనా బెంగా?”

“చెప్పి వెళ్తే నా చోటు నాకుంచుతారు మేస్త్రమ్మా. చెప్పకుండా వెళ్తే వచ్చేసరికి ఇంకొకరు కూర్చుంటారు.”

“నీ చోటుకి ఎవరు పోటీ వస్తారే తల్లీ, పైనుంచి నీళ్ళు కారే చోటు!”

వాళ్ళమ్మకి జబ్బుగా ఉందని ఒకసారి కబురొచ్చింది. బస్సుకి వేళవుతున్నా బడికి పరిగెత్తి, క్లాసులోంచి కూతుర్ని బయటికి పిలిపించి, “అమ్మ ఊరెళ్తోంది, వెళ్ళొస్తా” అని చెప్పి అప్పుడు వెళ్ళింది. బస్సు తప్పిపోయింది. ఏం కొంపలంటుకున్నాయమ్మా అని టీచరు కోప్పడింది. పిచ్చుక మాత్రం ఆ రోజంతా క్లాసులో మహారాణిలా కూర్చుందట. ఆ పిల్లని మేం పిచ్చుక అనేవాళ్ళం. గొంతూ అంతే, తిండీ అంతే.

వానలు మొదలైన కొత్తలోనే కాలవ గట్టున టీ కొట్టు నడిపే ఆవిడ శవమై దొరికింది. ఆ మాట మరుగున పడకముందే మిల్లు వెనక ఒక ఆసుపత్రి ఆయా దొరికింది. ఆ ఆసుపత్రి దుప్పట్లు మా దగ్గరికే వచ్చేవి. మూటలు తెచ్చి దించేది ఆవిడే. ఆవిడ లేకుండా మూటలు వచ్చిన రోజు ఎవరూ వాటి ముడి విప్పలేదు. చివరికి మేస్త్రమ్మే విప్పింది.

చంపినవాడు ఎవరో తెలియదు. పొడుగని కొందరు, పొట్టని కొందరు, కుంటుతాడని ఇంకొందరు. పేరు లేదు కాబట్టి అందరూ ‘వాడు’ అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే, ఊళ్ళో మగవాళ్ళకి వాడు బాగా పనికొచ్చాడు. ఎదురింటి టైలరు తన భార్యని పుట్టింటికి పంపడం మానేశాడు, వాడున్నాడని. మూలింటి పెద్దాయన కూతురి చదువు మాన్పించాడు, వాడున్నాడని. రాత్రి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి ఏ పెళ్ళామైనా ఎక్కడ తిరిగావని అడిగితే, “వాడి కోసం కాపలా కాస్తున్నాం” అనేవాడు.

మేస్త్రమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. కలిసి మడతపెట్టే జత కలిసే ఇంటికి నడవాలి. జతమనిషి గుమ్మం లోపల అడుగు పెట్టేదాకా చూసి, అప్పుడు కదలాలి. మా ఇద్దరికీ ఆ తిప్పలు లేవు. ఒకటే గుమ్మం. అందరూ మమ్మల్ని చూసి అదృష్టవంతులనేవాళ్ళు.

ఒక రోజు తను చెంప కమిలి వచ్చింది. ఎవరూ అడగకముందే చెప్పింది, తలుపు తగిలిందని.

“మొన్న మోచేతికీ తలుపే. ఇవాళ చెంపకీ తలుపే,” అంది మేస్త్రమ్మ. “మీ ఇంటి తలుపులకి చేతులు మొలిచాయేమిటే?”

అందరూ నవ్వారు. తనూ నవ్వింది. నవ్వితే చెంప నొప్పి పుట్టి ఆపేసింది. మేమిద్దరం దుప్పటి అందుకున్నాం. లాగి, విదిలించి, దగ్గరకొచ్చాం.

“పని మానెయ్యమంటున్నాడు.”

వెనక్కి వెళ్ళాం. మళ్ళీ కలిశాం.

“బయట వాడున్నాడట.”

వెనక్కి. మళ్ళీ.

“నేను మాననన్నాను.”

ఆ దుప్పటి అయిపోయింది. ఇంకోటి అందుకున్నాం. “కొన్నాళ్ళు ఊరుకోవే, వానలు తగ్గాక నేను నెమ్మదిగా చెబుతాలే” అన్నాను. తను కొసలు నా చేతిలో పెట్టి వెనక్కి వెళ్ళలేదు. అక్కడే నిలబడిపోయింది.

“వాడు బయటున్నాడని అందరూ అంటున్నారు అక్కా. నాకేమో ఇంట్లోకి వెళ్ళేటప్పుడే కాళ్ళు వణుకుతాయి.”

“అక్కడ గుట్ట పెరిగిపోతోంది, ఇక్కడ కౌగిలింతలేమిటి!” అని మేస్త్రమ్మ కేకేసింది. మళ్ళీ దుప్పటి అందుకున్నాం.

మా మరిది ఐసు ఫ్యాక్టరీ వ్యాను నడిపేవాడు. వీధిలో అందరితో మెత్తగా మాట్లాడేవాడు. ఎవరింట్లో చావు జరిగినా, పెళ్ళి జరిగినా ఐసు దిమ్మలు తనే మోసుకొచ్చి దించేవాడు. నన్ను ‘వదినా’ అనకుండా ఒక్క మాటా మొదలుపెట్టేవాడు కాదు. అందుకే అతని సంగతి మా తోడికోడలు ఎవరికి చెప్పుకున్నా, “ఆ అబ్బాయా? ఛ” అనేవాళ్ళు.

ఆ తర్వాతి వారంలో ఒక పొద్దున నేను బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. “ఈ రోజు నుంచి అది రాదు వదినా. నువ్వు వెళ్ళు.” తను వెనకాల నిలబడి ఉంది, చేతిలో రెండు టిఫిను డబ్బాలూ పట్టుకుని. ఒకటి నాకిచ్చింది. రెండోది కిందపెట్టింది. “నువ్వు వెళ్ళిరా అక్కా” అంది. అంతే. ఆ వెనకే పిచ్చుక బడికి వెళ్ళింది.

ఆ రోజు మేస్త్రమ్మ నాకొక కొత్త పిల్లని జత చేసింది. ఆ పిల్ల నాకంటే ముందు నడిచేది, నాకంటే ముందు ఆగేది. మడతలన్నీ వంకర. సాయంత్రం ఇల్లు చేరేసరికి తలుపుకి తాళం. మెట్టు మీద పిచ్చుక బడిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి వ్యాను వచ్చింది.

“మధ్యాహ్నం తిండికి వస్తే తాళం వేసుంది వదినా. నా మాట లెక్కచెయ్యకుండా లాండ్రీకే వచ్చేసిందనుకున్నా. రాలేదా?”

ఊరంతా వెతికాం. కాలవ గట్టు, మిల్లు వెనక, రైలు పట్టాలు. అందరికంటే ముందు నడిచింది అతనే. పేరు పెట్టి పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. అతన్ని చూసి వీధంతా కళ్ళొత్తుకుంది. నేనూ ఏడ్చాను. అతని కోసం కూడా.

తర్వాత ఊరు రెండుగా చీలింది. మూడో మనిషిని వాడు ఎత్తుకుపోయాడని సగం మంది. ఎవడితోనో లేచిపోయిందని సగం మంది. లాండ్రీలో మూటల బండి లాగేవాడు ఒకడు, “ఇన్నాళ్ళూ అందరి దుప్పట్లూ మడతపెట్టింది, ఇప్పుడు తన మూట తను సర్దుకుంది” అని ఇకిలించాడు. మేస్త్రమ్మ చేతిలో వేడి ఇస్త్రీపెట్టెతోనే ఆ బండివాడివైపు తిరిగింది. “రారా, నీ నోటి ముడతలు తీస్తాను.” ఆ తర్వాత లోపల ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు, వెళ్ళారు.

పిచ్చుక ఏడవలేదు. వెతికింది. మంచాల కింద, పెట్టెల్లో, నీళ్ళ డ్రమ్ములో, బీరువా వెనక. ఒకసారి వెతికిన చోటే మళ్ళీ వెతికేది. బడి నుంచి రావడం, సంచి పడెయ్యడం, వెతకడం.

“ఎందుకమ్మా అలా?” అన్నాను.

“అమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు పెద్దమ్మా. వెళ్తే చెప్పేది కదా? నాతో చెప్పలేదు. నీతో చెప్పిందా?”

“లేదు.”

“మరి? అంటే ఇక్కడే ఉంది.”

పిల్ల మాట అని తోసేశాను. తోసేసినా పోలేదు. ఇల్లు ఊడుస్తుంటే అదే మాట. పెరట్లో అంట్లు తోముతుంటే అదే మాట.

ఒక సాయంత్రం మా మరిది తింటున్నాడు. కప్పు నుంచి కారే నీళ్ళకి గది మధ్యలో బకెట్టు పెట్టాం. టపటపమని చప్పుడు. పిచ్చుక పెద్ద పెట్టె మూత ఎత్తింది.

“ఏం వెతుకుతున్నావే?”

“అమ్మని.”

“అమ్మ వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు చెప్పాలి?”

“వెళ్ళలేదు. చెప్పలేదుగా,” అంది అది, మూత దించకుండానే. “నాన్నా, అమ్మ ఎక్కడ దాక్కుందో నువ్వు చూశావు కదూ?”

అతను కంచం పక్కకి జరిపాడు. లేచాడు. చెయ్యి కడుక్కోకుండానే దాని ముంజేయి పట్టుకున్నాడు. ఆ పట్టు నేనెరుగుదును. దాని తల్లి మోచేతి మీద ఆ నాలుగు వేళ్ళూ ఎన్నోసార్లు చూశాను. పిచ్చుక గింజుకోలేదు. అతని మొహంలోకి చూస్తోంది. అతని రెండో చెయ్యి లేస్తోంది.

“నాతో చెప్పింది,” అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

“ఆ రోజు నా కళ్ళద్దాలు మర్చిపోతే మధ్యలో ఇంటికొచ్చాను. గేటు దగ్గర ఎదురైంది. చేతిలో సంచి ఉంది. ‘వెళ్ళొస్తా అక్కా, పిచ్చుకకి చెప్పు’ అంది. గొడవలో పడి నేనే మర్చిపోయానే తల్లీ.”

పచ్చి అబద్ధం. ఆ రోజు నేను లాండ్రీ గడప దాటలేదు. నోటికి ఏదొస్తే అది అనేశాను, ఆ చెయ్యి ఆగితే చాలని.

“ఎటు వెళ్ళింది పెద్దమ్మా?” పిచ్చుక చెయ్యి విడిపించుకుని నా మీదకి ఉరికింది. “ఏ సంచి? గొడుగు తీసుకుందా? ఎటు వెళ్ళింది?”

ఇంక అతను కూడా నా మీద పడతాడనుకున్నాను. భుజాలు పట్టి ఊపేస్తాడనుకున్నాను. ఇన్నాళ్ళూ నోరు మూసుకుని ఎందుకున్నావని తిడతాడని, నిజంగా సిద్ధపడే ఉన్నాను.

అతను మళ్ళీ కూర్చున్నాడు. కంచం దగ్గరికి లాక్కున్నాడు.

“చెప్పే వెళ్ళిందన్నమాట,” అన్నాడు. అన్నాక, “కాసిని మంచినీళ్ళియ్యి వదినా” అన్నాడు.

ఇచ్చాను. తాగాడు. గ్లాసు కింద పెట్టి మిగిలిన ముద్దలు తిన్నాడు. బకెట్టు నిండబోతుంటే నేను లేచి వెళ్ళి పారబోసి వచ్చాను.

ఆ తర్వాత అతను నాతో చాలా మంచిగా ఉన్నాడు. వంటగది కిటికీకి విరిగిన రెక్క బిగించాడు. పిచ్చుకకి రంగు పెన్సిళ్ళు తెచ్చాడు. ఒక రోజు తనే అడిగాడు.

“వదినా, రేపు స్టేషనుకి వెళ్ళొద్దాం. నువ్వు నాతో చెప్పిందే ఇన్‌స్పెక్టరుతో ఒక్కసారి చెప్పు. వాళ్ళకీ పని తగ్గుతుంది, మనకీ మనశ్శాంతి.”

“అలాగే అబ్బాయ్,” అన్నాను.

పడుకున్నానే గానీ కళ్ళు మూతపడలేదు. నేను అదే అబద్ధం మళ్ళీ చెబితే, తనంతట తనే ఇల్లు వదిలిన ఆడది అని రాసేసి మూసేస్తారు. నిజం చెబితే నా చేతిలో ఏముంది? అతను అడగని ఒక మాట. దాన్ని పట్టుకుని ఎవరికి చూపించను? చెప్పాక ఈ ఇంటికే, ఈ వంటగదికే, ఈ పిల్లతోనే తిరిగి రావాలి. పిల్ల నిద్రలో నా కొంగు పట్టుకుని ఉంది.

మర్నాడు పిచ్చుకని బడికి పంపలేదు. లాండ్రీకి తీసుకెళ్ళాను.

“ఇది మీ కళ్ళ ముందే ఉండాలి మేస్త్రమ్మా. నేను వచ్చేదాకా ఎవరు అడిగినా పంపొద్దు. వాళ్ళ నాన్న అడిగినా సరే.”

ఆవిడ నా మొహంలోకి చూసింది. పిచ్చుక చేతికి ఒక చిన్న తువ్వాలు ఇచ్చి, “రావే, మడత ఎలా పెట్టాలో చూపిస్తా” అని లోపలికి తీసుకుపోయింది.

స్టేషను గోడలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరుకి జలుబు. చేతిరుమాలు బల్ల మీదే పెట్టుకున్నాడు. మా మరిది నా పక్క కుర్చీలో కూర్చుని, తనే మొదలుపెట్టాడు. “వదినకి కనపడిందట సార్. గేటు దగ్గర. వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళిందట.”

“ఏ వైపు వెళ్ళిందమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మా తోడికోడలు ఆయనకి ఏమీ కాదు. తన మొహం కూడా ఆయన ఎరగడు. ముక్కు తుడుచుకుంటూ అడిగాడు. అయినా ఆయన నోట మొదట వచ్చిన మాట అదే.

నేను మా మరిది వైపు చూశాను. అతను నేల చూస్తున్నాడు.

“నేను చూడలేదు బాబూ,” అన్నాను. “ఆ రోజు నేను ఇంటికి రానేలేదు. మా లాండ్రీలో ఎవరినైనా అడగండి.”

“మరి ఇతను చెప్పేది?”

“పిల్ల మీద చెయ్యెత్తుతుంటే ఆపడానికి ఆ అబద్ధం ఆడాను. నీ భార్య కనపడిందని చెబితే ఏ మొగుడైనా ఎటు వెళ్ళిందని అడుగుతాడు కదా. పిల్ల అడిగింది. ఇప్పుడు మీరడిగారు.” మళ్ళీ అన్నాను. “మా మరిది మంచినీళ్ళడిగాడు.”

పెన్ను ఆగింది. మా మరిది మెల్లగా నవ్వాడు. “అన్నయ్య పోయిన దగ్గర్నుంచి వదినకి మతి సరిగ్గా ఉండటం లేదు సార్.”

“అడగకపోవడం నేరం కాదమ్మా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. అని, చాలాసేపు నావైపు కాకుండా అతనివైపు చూశాడు. తర్వాత గుమ్మంలో ఉన్న కానిస్టేబుల్‌ని లోపలికి పిలిచాడు.

అతన్ని కొన్నాళ్ళు ఉంచుకున్నారు. పెరడు తవ్వారు. వాన పడుతుండగానే తవ్వారు, తవ్విన గొయ్యి తవ్వినట్టే నీళ్ళతో నిండేది. ఇంట్లో గచ్చు మీద కొట్టి చూశారు. వ్యాను కూడా చూశారు. ఐసు మోసే వ్యాను. ఎప్పుడు చూసినా నీళ్ళు కారుతూ, అప్పుడే కడిగినట్టు ఉంటుంది. ఏమీ దొరకలేదు. వదిలేశారు.

నేనూ పిచ్చుకా అప్పటికే మేస్త్రమ్మ ఇంట్లో ఉన్నాం. వదిలిన మర్నాడే అతను లాండ్రీ గేటు దగ్గరికి వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని.

“నా కూతుర్ని పంపండి.”

మేస్త్రమ్మ గేటు తీయలేదు. ఆవిడ వెనక మా జతలన్నీ వచ్చి నిలబడ్డాయి, చేతుల్లో దుప్పట్లు చేతుల్లోనే.

“బయట వాడున్నాడట కదా బాబూ,” అంది ఆవిడ. “ఆడపిల్లని ఎలా పంపమంటావు?”

అతను ఒక్కొక్కరి మొహమే చూశాడు. నా దగ్గరికొచ్చేసరికి చూపు దాటించాడు. వెళ్ళిపోయాడు. ఆ వానలు తగ్గుముఖం పడుతుండగానే ఒక రోజు వ్యాను ఫ్యాక్టరీలో వదిలేసి ఊరు విడిచి వెళ్ళాడు. ఎవరితోనూ చెప్పలేదు. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

టీ కొట్టావిడని చంపిందెవరో తేలలేదు. ఆయాని చంపిందెవరో తేలలేదు. మా తోడికోడలు దొరకలేదు. ఊరివాళ్ళు మాత్రం ముగ్గుర్నీ ఒకే గాటన కట్టి, వాడి ఖాతాలో వేసి, కాలవ గట్టున మళ్ళీ సాయంత్రాలు తిరగడం మొదలుపెట్టారు.

ఎండ కాసిన మొదటి వారంలో ఇంటి యజమాని కబురు పంపాడు, సామాను తీసుకెళ్ళమని. నేనూ పిచ్చుకా వెళ్ళాం. దారిలో దానితో చెప్పేశాను.

“ఆ రోజు నేను అబద్ధం చెప్పానే. అమ్మ నాతో ఏమీ చెప్పలేదు.”

“నాకు తెలుసు,” అంది. “నీతో చెప్పి, నాతో చెప్పకుండా వెళ్తుందా?”

నాలుగు గిన్నెలు, పరుపు, తోడికోడలి బట్టలు, నా పెట్టె. ఇంతే సామాను. తను ఆ పొద్దున కిందపెట్టిన టిఫిను డబ్బా, తర్వాత నేను కడిగి బోర్లించిన చోటే, గుమ్మం పక్కన ఉంది. దాన్ని పిచ్చుక తీసుకుంది. పెరట్లో గోతులు ఎండకి బీటలు వారుతున్నాయి. రిక్షా మీద సామానంతా కట్టించాను. యజమాని తాళంకప్ప చేత్తో పట్టుకుని, తొందరగా తెమలండి అన్నట్టు నిలబడ్డాడు.

పిచ్చుక గుమ్మంలో ఆగింది. బయటికి కాదు, లోపలికి తిరిగి నిలబడింది.

“అమ్మా, వెళ్ళొస్తా.”

రోజూ బడికి వెళ్ళేటప్పుడు అనే గొంతే. అని, రోజూ లాగే, వెళ్ళిరా అనే మాట కోసం కాసేపు ఆగింది.

“లోపల ఎవరున్నారు పాపా?” అన్నాడు యజమాని.

అది వెనక్కి తిరిగింది. మెట్లు దిగి రిక్షా ఎక్కి, డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఆయన తలుపు దగ్గరికి లాగబోతుంటే, “ఒక్క నిమిషం బాబూ” అన్నాను. గుమ్మంలోకి వెళ్ళి, ఖాళీ గదివైపు చూసి, ఆయనకి వినపడనంత నెమ్మదిగా నేనూ చెప్పాను.

“వెళ్ళొస్తానే.”